నైవేద్యానికి ముందు తిన్న బూరె

రిటైరైన నాటి నుంచి మా మావయ్యగారు చంద్రరావుగారు ఈ దేశంలో ఏ మంత్రినీ కుర్చీలో సుఖంగా కూర్చోనివ్వలేదు. రైలు పట్టాలు తప్పితే రైల్వే మంత్రి, తుపాను కబురు ఆలస్యమైతే రెవెన్యూ మంత్రి, మన జట్టు ఓడిపోతే క్రికెట్ కెప్టెను, అందరూ ఆయన దృష్టిలో దిగిపోవలసినవాళ్లే. పెద్దాపురంలో మా ఇంటి వసారాలో మడతకుర్చీ వేసుకుని, పేపరు మొదటి పేజీ చదివి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, "అమ్మా పావనీ, కాగితం తేమ్మా" అనేవారు. నేను కాగితం తెచ్చేలోగా ఎవరిదో ఒకరి పదవి ఆయన మనసులో ఊడిపోయేది.

ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి హెడ్ గుమాస్తాగా బయటికొచ్చిన మనిషి చేతిరాత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తాను రాసింది మర్నాటికి తనకే అర్థమయ్యేది కాదు. అందుకే రాజమండ్రిలో మా ఇంటికి పెళ్లిచూపులకి వచ్చినప్పుడు అందరిలా పాట పాడమనకుండా, "అమ్మాయి చేత నాలుగు ముక్కలు రాయించండి" అన్నారు. ఏం రాయాలండీ అని అడిగితే గొంతు సవరించుకుని, "మంత్రిగారు నైతిక బాధ్యత వహించి తక్షణం రాజీనామా చేయాలి" అని చెప్పారు. ఏ మంత్రో తెలియదు. గుండ్రంగా రాసి ఇచ్చాను. ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూసుకుని, "సంబంధం ఖాయం చేసుకుందామండి" అన్నారు. మా వారు గణేష్‌బాబు ఆ తర్వాతెప్పుడో నా మొహం చూశారు.

పేపర్లో పాఠకుల లేఖలు వేసే మూల ఒకటి ఉంటుంది కదా, ఆ మూల మావయ్యగారికి సొంత చేనులాంటిది. ఉత్తరం ఎక్కడ మొదలైనా చివరికి ఆ రాజీనామా వాక్యం దగ్గరికే వచ్చి ఆగేది. ఉల్లిపాయల ధర మండిపోయిన ఏడాది, కార్తీకమాసంలో ఉల్లిపాయ ముట్టని ఇంట్లో కూర్చుని, ఉల్లిపాయ కోసం ఒక మంత్రిని దింపమన్నారు. "మనం తినం కదండీ మావయ్యగారూ" అంటే, "మనం తినకపోతే ఎంతకైనా అమ్మేస్తారా?" అని నా మీద కేకలేశారు.

ఈ దేశసేవ వెనక ఇంకో సంగతి ఉంది. రాసిన ఉత్తరాన్ని పోస్టు చేయడానికి ఆయనే స్వయంగా వెళ్లేవారు. పోస్టాఫీసు పక్కనే మిఠాయి కొట్టు. ఉత్తరం డబ్బాలో పడగానే ఒక మడత కాజా ఆయన నోట్లో పడేది. తిరిగొచ్చాక మీసానికి పాకం అంటుకుని ఉండేది కాబట్టి నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దేశంలో అవినీతి తగ్గిపోతే నాన్నకి కాజాలు తగ్గిపోతాయని మా వారు నవ్వేవారు.

మా అత్తయ్యగారు వీరవేణిగారికి ఈ రాజీనామాల గొడవ ఏదీ పట్టేది కాదు. ఆవిడ పేపరు చేతిలోకి తీసుకునేది అలమర అరల్లో పరచడానికో, వడియాల కింద వేయడానికో అని ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఆవిడకి లోకంలో ఒకే ఒక శత్రువు, షుగరు జబ్బు. అది వాళ్ల నాన్నగారి కాలు తీసుకుంది, ఆ తర్వాత ఆయన్నే తీసుకుంది. అందుకని పట్టిసీమ నుంచి వాళ్లన్నయ్య లోవరాజుగారు చుట్టపుచూపుగా వచ్చి, తనకీ షుగరు వచ్చిందని నోరుజారి చెప్పినప్పుడు, అత్తయ్యగారు కొంగు నడుముకి చుట్టి వంటింట్లోకి వెళ్లిపోయారు. పొద్దున్న రాగిపిండితో చోడి జావ, మధ్యాహ్నం కాకరకాయ, సాయంత్రం మెంతుల నీళ్లు, మళ్లీ పొద్దున్న చోడి జావ. ఆ పెద్దమనిషి పొలంలో పని ఉందని చెప్పి, ఎరువుల రోజులు కాకపోయినా ఎరువులు వేయాలని చెప్పి, బస్టాండుకి పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు. మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఆయన వెనకాలే చూస్తూ ఉండిపోయారు. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ ఏడాదే, అంటే తొంభై ఎనిమిదిలో, మా ఊరి పెన్షనర్ల సంఘానికి మావయ్యగారిని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. సంఘం హాల్లో నల్లబోర్డు మీద తెల్లరంగుతో ఆయన పేరు రాయించారు. ఉద్యోగం చేసినంతకాలం పెద్దవాళ్ల సంతకాల కింద చిన్నగా పొడి అక్షరాలు పెట్టిన మనిషికి ఆ పేరు ఎంత అపురూపమో నేను కళ్లారా చూశాను. సాయంత్రం షికారుకని వెళ్లి, తాళం వేసిన హాలు కిటికీలోంచి తొంగి బోర్డు చూసుకుని వచ్చేవారు. ఆ పదవి కోసం ఆశపడి భంగపడ్డ బుల్లిరాజుగారు కార్యదర్శి పదవితో సరిపెట్టుకున్నారు. ఆయన రిజిస్ట్రారాఫీసులో చేసి దిగినవారు, ఎవరి కాగితంలో ఏ లోపం ఉందో వెతకడం ఆయనకి కాఫీ కంటే ముఖ్యం.

ఆ రోజుల్లో ప్రపంచమంతా అమెరికా అధ్యక్షుడి గొడవే. ఆయన్ని దింపాలా, ఉంచాలా అని పేపర్లలో పెద్దపెద్దవాళ్లు వ్యాఖ్యలు రాస్తున్నారు. పెద్దాపురం నుంచి ఒక్కరూ రాయకపోతే బాగుండదని మావయ్యగారు మడతకుర్చీ వాల్చారు. "ఆయన ఏం చేశాడన్నది నేను అడగను. అది వారి ఇంటి సంగతి. చేసి చేయలేదన్నాడు. ఆ ఒక్క మాటకి దిగిపోవాలి. తప్పు చేసినవాడిని జనం క్షమిస్తారు, దాచినవాడిని క్షమించకూడదు." ఇలా చెప్తూ తన మాటలకి తనే తల ఊపుకున్నారు. పేపరువాళ్లకీ నచ్చింది, చుట్టూ గీతలు కట్టి మరీ వేశారు. ఆ రోజు మీసానికి రెండు కాజాల పాకం ఉంది.

ఆ తర్వాత వచ్చిన కార్తీక ఆదివారం నాడు సంఘం తరఫున వనసమారాధన పెట్టారు. సామర్లకోట దారిలో మామిడితోట, మధ్యలో ఉసిరిచెట్టు. చెట్టుకి పూజ చేసి, వండినవన్నీ నైవేద్యం పెట్టాకే ఆకులు వేస్తారు. అధ్యక్షుడనేవాడు అందరికీ వడ్డించి చివరి బంతిలో తినాలి. గాడిపొయ్యి మీద వంటవాడు అప్పారావు పూర్ణం బూరెలు వేయిస్తూ ఉంటే తోటంతా ఆ వాసనే. పెద్దలంతా పూజ దగ్గర కూర్చున్నారుగానీ ముక్కులు మాత్రం పొయ్యివైపే ఉన్నాయి.

పూజ మొదలవ్వాలంటే ముఖ్య అతిథి రావాలి. బుల్లిరాజుగారు పిలిచిన మున్సిపాలిటీ పెద్దమనిషి ఒకాయన, ఇంకో రెండు తోటల్లో రెండు సమారాధనలు చూసుకుని వస్తానన్నారు. పన్నెండయింది, ఒంటిగంటయింది. మావయ్యగారు మైకు పట్టుకుని "ఇప్పుడే బయల్దేరారట" అని చెప్తూనే ఉన్నారు. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. సభకి భయపడే మనిషి కాదు కదా అనుకునేలోపే మైకు నా చేతిలో పెట్టి, "ఇప్పుడే వస్తానమ్మా" అని పొయ్యివైపు వెళ్లారు. నాకెందుకో అనుమానం వచ్చి మైకు పక్కావిడ చేతిలో పెట్టి వెనకాలే వెళ్లాను.

బూరెల గంప వెనక మా మావయ్యగారు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒక బూరె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. రెండోది సగం నోట్లో ఉంది. సరిగ్గా అప్పుడే అవతలివైపు నుంచి బుల్లిరాజుగారు ప్రత్యక్షమయ్యారు.

"ఏంటండీ అధ్యక్షులుగారూ, నోట్లో ఏదో ఉన్నట్టుందే?"

మావయ్యగారు లేచి నిలబడ్డారు. బుగ్గ ఉబ్బి ఉంది. మీసం మీద పూర్ణం ఉంది.

"లవంగం" అన్నారు.

"లవంగం అంత లావుంటుందాండీ?"

"పంటి నొప్పండి. రెండు పెట్టుకున్నాను."

బుల్లిరాజుగారు అప్పారావువైపు తిరిగి, "నువ్వు చూశావా?" అని అడిగారు. "నేను నూనె వంక చూస్తున్నానండి ఆయ్. నూనె వదిలి మనుషుల వంక చూస్తే బూరెలు మాడిపోతాయండి" అన్నాడు అప్పారావు. కానీ ఆకులు వేసే వేళకి సంగతి మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా పాకిపోయింది. దేవుడికి పెట్టకుండా అధ్యక్షుడు తిన్నాడట. ఒకటి కాదట, అరగంప అట. అంత తింటే మనిషి లేచి నిలబడగలడా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

తిరిగి వచ్చేటప్పుడు అత్తయ్యగారు ఆడవాళ్లతో ముందు ఆటోలో వెళ్లారు. వెనక ఆటోలో మావయ్యగారు నాకు నిజం చెప్పారు. కళ్లజోడు మార్పించుకోవడానికి రాజమండ్రి వెళ్లినప్పుడు డాక్టరు రక్తం పరీక్ష రాశారట, షుగరు ఉందని తేలిందట. అప్పటి నుంచి బనీను లోపలి జేబులో మాత్రలు. భోజనానికి ముందు వేసుకుంటే వెంటనే తినాలి. పన్నెండింటికి భోజనమని నమ్మి వేసేసుకున్నారు. ముఖ్య అతిథి రాలేదు, కళ్లు తిరిగాయి. తీపి తినకపోతే అక్కడే పడిపోయేవారు.

"ఈ మాట అక్కడే చెప్పేస్తే సరిపోయేది కదండీ! ఎవరు కాదంటారు?" అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది.

"మీ అత్తయ్య అక్కడే ఉందమ్మా" అన్నారు. "లోవరాజు బావ ఎలా వెళ్లాడో చూశావుగా. ఆయనకి పట్టిసీమలో వేరే ఇల్లుంది. నాకేదీ?"

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఎందుకంటే ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. ఆ నీళ్లు కాజా కోసమో, బోర్డు మీద పేరు కోసమో నాకు తెలియలేదు. రెండూ పోయేలాగే ఉన్నాయి. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నారు.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్యగారు లవంగనూనె సీసా పట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. పంటి నొప్పి సంగతి ముందు ఆటోలోనే ఆవిడకి తెలిసిపోయింది. "చెప్పరేంటండీ? నోరు తెరవండి" అని దూది ముంచి ఒక మంచి పన్నుకి పెట్టారు. మావయ్యగారు మంట తట్టుకోలేక ఎగిరారు. "చూశారా, ఎంత నొప్పి దాచుకున్నారో" అని ఆవిడ బాధపడ్డారు. గట్టి వస్తువులేవీ తినకూడదని, కాజా మాట అసలు ఎత్తకూడదని చెప్పి మెత్తటి పెసరపప్పు అన్నం కలిపి పెట్టారు. వచ్చే సోమవారం కాకినాడలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ పన్ను పీకించేద్దామని కబురు కూడా పంపించేశారు. అబద్ధం ఆడి కాపాడుకున్న కాజా అబద్ధం వల్లే పోయింది, పైగా పన్ను కూడా ఎదురివ్వాలి.

బుధవారం మా ఊరి విలేకరి శ్యాంబాబు వచ్చాడు. జిల్లా పేజీలో వారం వారం ఊరి సంగతుల మీద వ్యాఖ్య రాస్తాడు. మావయ్యగారంటే అతనికి అభిమానమే, కానీ అభిమానం వేరు, పేజీ నింపడం వేరు. "మీ వివరణ కూడా వేస్తానండి. అసలేం జరిగిందో మీ నోటితో చెప్పండి" అన్నాడు. మావయ్యగారు నోరు తెరిచారు. అప్పుడే అత్తయ్యగారు కాఫీ గ్లాసులతో వచ్చి పక్కన నిలబడ్డారు.

"పంటి నొప్పి" అన్నారు మావయ్యగారు. "లవంగం."

మర్నాడు పడింది. "బూరెకు బాధ్యులెవరు?" అని పెద్ద అక్షరాలు. కింద శ్యాంబాబు వ్యాఖ్య. "అగ్రరాజ్యాధినేతకు ఒక నీతి, పెన్షనర్ల నేతకు మరో నీతా? తప్పు చేసినవాడిని జనం క్షమిస్తారు, దాచినవాడిని క్షమించకూడదని ఈ పత్రికలోనే రాసిన చంద్రరావుగారు, మీసం మీది పూర్ణం సాక్షిగా లవంగం పేరు చెప్పడం ఏ విలువలకు నిదర్శనం? బూరె చిన్నదే కావచ్చు. కానీ నైవేద్యానికి, నైతికతకు మధ్య దూరం ఒక బూరెడంతేనని ఈ ఉదంతం చాటుతోంది." చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం సద్యోగం లేని రోజుల్లో ఈ శ్యాంబాబు మా వసారాలో కూర్చుని మావయ్యగారి దగ్గరే వాక్యం కట్టడం నేర్చుకున్నాడు. మావయ్యగారు మాత్రం, "బాగా రాశాడమ్మా" అన్నారు, పాలిపోయిన మొహంతో.

శుక్రవారం పాఠకుల లేఖల్లో సామర్లకోట నుంచి ఎవరో రాశారు. చంద్రరావుగారు నైతిక బాధ్యత వహించి తక్షణం రాజీనామా చేయాలట. తన వాక్యం తన మీదికే వచ్చి కూర్చుంది. ఎంతమందిని ఆ మాట అన్నారో, అది తగిలితే ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం షికారుకి వెళ్లలేదు.

ఈలోగా సంఘంవాళ్లు విచారణ వేశారు. ఏకసభ్య కమిషన్. ఆ సభ్యుడు కోశాధికారి ఏసుపాదంగారు, లూథరన్ చర్చిలో పెద్ద, బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "నైవేద్యం గొడవ నాకేం తెలుస్తుందండీ?" అని ఆయన మొత్తుకుంటే, "అందుకేనండీ మీరైతే ఎవరి పక్షమూ ఉండరు" అని బుల్లిరాజుగారు బలవంతం చేశారు. పాపం ఆయన తోటకి వెళ్లి గాడిపొయ్యి బూడిద చూసొచ్చారు, అప్పారావుని అడిగితే మళ్లీ నూనె సంగతే చెప్పాడు. చివరికి మా ఇంటికొచ్చి మావయ్యగారి ఎదురుగా కూర్చున్నారు.

"మా చర్చిలో అయితే తప్పు ఒప్పుకుంటే అక్కడితో అయిపోతుందండి చంద్రరావుగారూ. మీలో ఎలాగో నాకు తెలీదు. ఆదివారం మీటింగులో నేను ఏదో ఒకటి చెప్పాలి. లవంగం అని చెప్పమంటారా?"

మావయ్యగారు "వద్దండి" అన్నారు. ఏసుపాదంగారు వెళ్లగానే నన్ను పిలిచి కాగితం తెమ్మన్నారు. ఈసారి కళ్లజోడు తీయలేదు, గొంతు సవరించుకోలేదు.

ఉన్నదున్నట్టు చెప్పారు. షుగరు, మాత్ర, రెండు బూరెలు, లవంగం, మళ్లీ విలేకరి ముందు లవంగం. "బూరె తిన్నందుకు నేను సిగ్గుపడను, అది మందు. అబద్ధం ఆడినందుకు సిగ్గుపడుతున్నాను. నైతిక బాధ్యత వహించి అధ్యక్ష పదవికి తక్షణం రాజీనామా చేస్తున్నాను." చేస్తున్నాను అన్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"ఇది పేపర్లో వస్తే అత్తయ్యగారికి తెలిసిపోదాండీ?"

ఆయన మొహంలో ఆ వారంలో మొదటిసారి వెలుగొచ్చింది. "మీ అత్తయ్య నా ఉత్తరం ఎప్పుడైనా చదవగా చూశావా? ఊరికి నిజం చెప్పేద్దాం. ఇంటి సంగతి ఇంట్లో ఉంటుంది. పన్ను పోతే పోయింది, ఇంకా చాలా ఉన్నాయి."

శ్యాంబాబు ఆ ఉత్తరాన్ని స్వయంగా రాజమండ్రి తీసుకెళ్లి ఇచ్చాడు. ఆదివారం పొద్దున్నే పేపరులో వచ్చేసింది. మావయ్యగారు చదువుకుని, ఏమీ ఎరగనట్టు మడిచి పీట మీద పెట్టారు. అత్తయ్యగారు వచ్చి, సరిగ్గా ఆ పేజీ లాగి నేల మీద పరిచి, దాని మీద కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరడానికి కూర్చున్నారు. మావయ్యగారు నావైపు చూసి కనుబొమలెగరేశారు. తన రహస్యం మీద పప్పు పోసుకుని భార్య కూర్చుంటే ఏ మొగుడికైనా ధైర్యం వస్తుంది. ఆ రోజు ఆవిడ పప్పుని ఈ పక్కకీ ఆ పక్కకీ నెడుతూ చాలాసేపు ఏరారు. అంత రాళ్లున్న పప్పు కాదే అనుకున్నానుగానీ అంతకంటే ఆలోచించలేదు.

సాయంత్రం మీటింగుకి నేనూ వెళ్లాను. హాలు నిండిపోయింది. పింఛను పెంచమని పెట్టిన సభకి కూడా అంతమంది రాలేదు. ఏసుపాదంగారు లేచి నివేదిక చదివారు. "బూరె తిన్నది నిజం. లవంగం అబద్ధం. కారణం జబ్బు. మిగతాది దేవుడికీ చంద్రరావుగారికీ మధ్యనండి, నాకు వదిలేయండి" అని కూర్చున్నారు. మావయ్యగారు రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి, గోడ మీది బోర్డు వంక ఒక్కసారి చూశారు. చాలా కష్టమనిపించింది నాకు.

బుల్లిరాజుగారు లేచారు. "జబ్బు సంగతి అర్థమైందండి. కానీ కార్యదర్శిగా నేను కళ్లారా చూశాను. నైవేద్యం పెట్టని గంప ముట్టుకోవడమనేది..."

"ఒక్క మాటండి" అని వెనక నుంచి వినపడింది.

గుమ్మంలో మా అత్తయ్యగారు. చేతిలో పొద్దుటి పేపరు, దానికి ఇంకా కందిపప్పు పొట్టు అంటుకునే ఉంది. మావయ్యగారు కుర్చీలో ఒక బెత్తెడు కిందికి జారారు.

"బుల్లిరాజుగారూ, పూజ దగ్గర అందరూ కూర్చుని ఉంటే, మీరు గాడిపొయ్యి వెనక్కి ఎందుకెళ్లారండి?"

అంతమంది పెద్దమనుషులు, ఒక విలేకరి, ఒక ఏకసభ్య కమిషన్, ఎవరికీ తట్టని ప్రశ్న అది. బుల్లిరాజుగారు, "వంట... పర్యవేక్షణ..." అన్నారు. అత్తయ్యగారు కదలకుండా ఆయన వంకే చూస్తున్నారు. ఆ చూపు తట్టుకోవడం ఎవరి తరం కాదు, ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి ఒక మాత్రల అట్ట బయటికి తీసింది.

"నేనూ పన్నెండింటికే వేసుకున్నానండి" అన్నారు నెమ్మదిగా. "గంప దగ్గరికి వెళ్లేసరికి ఈయన ముందే ఉన్నారు."

ముందు నవ్వింది ఏసుపాదంగారు. ఆ తర్వాత ఒక మూల నుంచి ఒకాయన లేచి, తనకీ ఉందని, ఇంట్లో చెప్పలేదని అన్నారు. ఇంకో వరుసలో ఇంకొకాయన లేవబోయి పక్కనున్న భార్యని చూసి మళ్లీ కూర్చున్నారు, ఆవిడకి ఆ కూర్చోవడంతోనే తెలిసిపోయింది. ఇంతమంది ఇన్ని మాత్రలు ఇన్ని జేబుల్లో పెట్టుకుని, ఆకలితో ఉసిరిచెట్టు కింద ముఖ్య అతిథి కోసం ఎదురుచూశారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. రాజీనామా కాగితాన్ని బుల్లిరాజుగారే చింపేశారు.

కానీ అత్తయ్యగారు నవ్వలేదు. మావయ్యగారి దగ్గరికి వచ్చి, అందరి ముందూ, మెల్లగా అడిగారు.

"ఒకే ఇంట్లో ఉండి, నాకు పేపర్లో చెప్తారాండీ?"

ఆయన తల దించుకున్నారు. "నువ్వు చదవవనుకున్నాను" అన్నారు.

"మా ఆయన పేరు పేపర్లో పడితే చదవనా? ప్రతీదీ చదివాను. అన్నం తిని మీరు కునుకు తీసేటప్పుడు చదువుతాను. మంత్రులందరూ మీ కంట పడ్డారు, నేను పడలేదు." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "మా నాన్న కూడా ఇలాగే దాచారండి. మాకు తెలిసేసరికి కాలు నల్లబడిపోయింది."

నేను పెళ్లయి వచ్చాక ఆవిడ ఏడవగా చూడటం అదే మొదటిసారి. మావయ్యగారు ఏదో అనబోయి, కండువాతో మొహం తుడుచుకున్నారు. ఇన్నేళ్లు దేశంలో అందరినీ తప్పు ఒప్పుకోమన్న మనిషికి, తనే క్షమించమని అడగాల్సి వచ్చేసరికి ఆ మాట నోటికి రాలేదు. ఇద్దరూ ఒకే రిక్షాలో ఇంటికి వెళ్లారు. నేను వెనక నడిచి వచ్చాను.

మర్నాడు కాకినాడ ప్రయాణం రద్దయింది, పన్ను బతికింది. పొద్దున్నే చోడి జావ వచ్చింది. గ్లాసులు రెండు. రెండోది ఎవరికా అని చూస్తే అత్తయ్యగారు తీసుకుని పక్కనే కూర్చుని తాగడం మొదలెట్టారు. లోవరాజుగారికి పెట్టినప్పుడు ఆవిడ తాగలేదు. మావయ్యగారూ తన గ్లాసు అందుకున్నారు. ఉత్తరాలు మాత్రం మానలేదు, రైల్వే మంత్రులకి సుఖం రాలేదు. పోస్టాఫీసుకి ఇప్పుడు ఇద్దరూ కలిసి వెళ్తారు, మిఠాయి కొట్టు వచ్చేసరికి అత్తయ్యగారు కొట్టు వైపుకి మారి, ఆయనకి అడ్డంగా నడుస్తారు.

మరుసటి కార్తీకానికి సంఘంలో తీర్మానం చేశారు. ముఖ్య అతిథిని పిలవకూడదు, పొద్దున్నే పూజ అయిపోవాలి, మాత్రలు వేసుకునేవాళ్లందరికీ మొదటి బంతి. ఆ బంతి ఎంత పొడుగొచ్చిందంటే రెండు తోటల చాపలు తెచ్చినా చాలలేదు. మొదటి ఆకు ముందు అధ్యక్షులుగారు, పక్కన కార్యదర్శిగారు, ఇద్దరూ మంచి మిత్రులై మాత్రల పేర్లు చెప్పుకుంటున్నారు. అత్తయ్యగారే వడ్డన. బూరెల గంప ఆ బంతి పక్కనుంచి వెళ్తుంటే అన్ని తలలూ ఒకేసారి అటు తిరిగాయి.

ఆవిడ మావయ్యగారి ఆకు దగ్గర ఆగారు. గంపలోంచి ఒక బూరె తీసి, రెండుగా విరిచి, ఒక సగం ఆకులో పెట్టారు. రెండోది తన నోట్లో వేసుకున్నారు. మావయ్యగారు ఆ సగం బూరె వంక చాలాసేపు చూసి, తలెత్తారు.

"మిగతా సగం ఏదే?"

అత్తయ్యగారు నమిలి మింగి, చెంగుతో మూతి తుడుచుకుని చెప్పారు.

"అది నైతిక బాధ్యత వహించి రాజీనామా చేసిందండి."